పొరుగు దేశపు లీగ్‌లలో ఆడే ఫుట్‌బాల్ క్లబ్‌లు

నిర్వచనం, పరిధి

సొంత మైదానం ఒక దేశంలో ఉండి, ఏటా జరిగే లీగ్ పోటీలను మాత్రం పక్క దేశంలో ఆడే ఫుట్‌బాల్ క్లబ్‌లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వేల్స్‌లోని కార్డిఫ్ సిటీ ఇంగ్లాండ్ లీగ్‌లోను, లీక్టెన్‌స్టైన్‌లోని ఎఫ్‌సీ వాడూజ్ స్విట్జర్లాండ్ లీగ్‌లోను, న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ ఫీనిక్స్ ఆస్ట్రేలియా లీగ్‌లోను ఆడతాయి. ఒక కప్ పోటీకి అతిథిగా వెళ్లిన జట్టు, స్నేహపూర్వక మ్యాచ్‌ల కోసం పర్యటించిన జట్టు ఈ కోవలోకి రావు. ఆటగాడు ఒక్కడే సరిహద్దు దాటి పరాయి క్లబ్‌లో చేరడం కూడా వేరే విషయం. దానికి బదిలీ నిబంధనలు వర్తిస్తాయి.

ఫుట్‌బాల్ పాలనలో దేశానికి కొలత జాతీయ సంఘం. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ నాలుగూ ఒకే రాజ్యంలో ఉన్నా వాటికి నాలుగు సంఘాలు, నాలుగు జాతీయ జట్లు ఉన్నాయి. మొనాకో సర్వసత్తాక దేశమే అయినా దానికి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాలో గానీ, యూరప్ సమాఖ్య యూఫాలో గానీ సభ్యత్వం లేదు. అందుకే కార్డిఫ్ నుంచి ఇంగ్లాండ్ ఊళ్లకు పాస్‌పోర్టు లేకుండా వెళ్లి ఆడినా, ఫుట్‌బాల్ లెక్కల్లో ఆ జట్టు సరిహద్దు దాటినట్టే.

ఈ క్లబ్‌ల విషయంలో రెండు ప్రశ్నలను విడివిడిగా చూడాలి. క్లబ్ ఏ లీగ్‌లో ఆడుతుంది అన్నది ఒకటి. ఖండ స్థాయి పోటీల్లో ఏ దేశం తరఫున నిలుస్తుంది అన్నది మరొకటి. మామూలు క్లబ్‌కు ఈ రెండింటికీ జవాబు ఒకటే. ఇక్కడ మాత్రం ఒక్కోచోట ఒక్కో విధంగా తేలింది. మొనాకో ఫ్రాన్స్ తరఫున ఆడుతుంది. వాడూజ్ సొంత దేశం తరఫున ఆడుతుంది. వెల్లింగ్టన్‌కు ఏ తరఫూ దొరకలేదు. ఈ అంశంపై వచ్చిన వివాదాల్లో అధిక భాగం రెండో ప్రశ్న చుట్టూ తిరిగినవే.

చరిత్ర

పోటీలు మొదలైన తొలి రోజుల్లో ఈ గీతలు ఇంత గట్టిగా లేవు. 1871లో ఆరంభమైన ఇంగ్లాండ్ ఎఫ్‌ఏ కప్‌లో స్కాట్లాండ్ జట్లు కూడా ఆడేవి. గ్లాస్గోకు చెందిన క్వీన్స్ పార్క్ 1884, 1885లలో వరసగా రెండుసార్లు ఫైనల్ చేరి, రెండుసార్లూ బ్లాక్‌బర్న్ రోవర్స్ చేతిలో ఓడింది. 1887లో స్కాట్లాండ్ సంఘం తన క్లబ్‌లు పరాయి సంఘం పోటీల్లో ఆడరాదని నిషేధించింది. 1888లో ఇంగ్లాండ్‌లో ఫుట్‌బాల్ లీగ్, 1890లో స్కాట్లాండ్, ఐర్లాండ్ లీగ్‌లు ఏర్పడటంతో ఎవరి అంగణం వారిదైంది.

వేల్స్ ఒక్కటే ఇందుకు భిన్నంగా మిగిలింది. అక్కడి సంఘం 1876లోనే పుట్టింది. వెల్ష్ కప్ 1877-78లో మొదలైంది. జాతీయ లీగ్ మాత్రం 1992 దాకా రాలేదు. ఆ నూరేళ్ల పైచిలుకు ఖాళీలోనే వేల్స్‌లోని పెద్ద క్లబ్‌లన్నీ ఇంగ్లాండ్ లీగ్‌లో వేళ్లూనుకున్నాయి (చూ. వేల్స్ క్లబ్‌లు).

20వ శతాబ్దంలో యుద్ధాలు, దేశ విభజనలు కొన్ని క్లబ్‌లను వాటి ఇష్టంతో నిమిత్తం లేకుండా సరిహద్దు దాటించాయి. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక అక్కడి క్లబ్‌లు జర్మన్ పోటీల్లో ఆడవలసి వచ్చింది. 1941 జర్మన్ ఫైనల్లో రాపిడ్ వియన్నా మూడు గోల్స్ వెనకబడి కూడా షాల్కేను 4-3తో ఓడించి ఛాంపియన్ అయింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సార్ ప్రాంతం ఫ్రాన్స్ అధీనంలోకి వెళ్లింది. అప్పుడు ఎఫ్‌సీ సార్‌బ్రూకెన్ 1948-49లో ఫ్రాన్స్ రెండో డివిజన్‌లో అతిథి హోదాలో ఆడి అగ్రస్థానంలో నిలిచింది. ఫ్రెంచ్ క్లబ్‌లు ఒప్పుకోకపోవడంతో దానికి శాశ్వత స్థానం దక్కలేదు. తరువాత జర్మన్ లీగ్‌కు తిరిగి వెళ్లిన ఆ క్లబ్ 1952లో జర్మనీ జాతీయ ఫైనల్ ఆడింది. మైదానంలో గెలుపు ఒక్కటే లీగ్‌లో చోటు సంపాదించిపెట్టదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదంతం లేదు.

కారణాలు, రకాలు

దేశం మరీ చిన్నదై సొంత లీగ్ నడపడానికి చాలినన్ని జట్లు లేకపోవడం ఒక కారణం. లీక్టెన్‌స్టైన్, మొనాకో ఈ రకం. సొంత లీగ్ ఉన్నా దాని స్థాయి, రాబడి చిన్నవి కావడం రెండో కారణం. న్యూజిలాండ్, బ్రూనై క్లబ్‌లు ఇందుకే బయటికి చూశాయి. సొంత దేశంలో లీగ్ పుట్టక ముందే పక్క లీగ్‌లో స్థిరపడటం మూడోది. వేల్స్ క్లబ్‌ల కథ, ఎఫ్‌సీ అండోరా కథ అదే. రాజకీయ సంక్షోభంలో సొంత లీగ్ తలుపు మూసుకుపోవడం నాలుగోది. డెర్రీ సిటీకి అలా జరిగింది.

దేశ ప్రధాన భాగానికి దూరంగా, పక్క దేశానికి దగ్గరగా పడిన ఊళ్లది ఇంకొక తరహా. చుట్టూ స్విట్జర్లాండ్ ఉన్న జర్మన్ ఊరు బ్యూసింగెన్‌కు చెందిన క్లబ్ స్విస్ లీగ్‌లో ఆడుతుంది. కొండల వల్ల సొంత దేశం వైపు దారి లేని ఆస్ట్రియా లోయ క్లైన్‌వాల్జర్‌టాల్‌కు చెందిన క్లబ్ జర్మనీ లీగ్‌లో ఆడుతుంది.

ఊరు ఉన్నచోటే ఉండగా గీత జరగడమూ ఉంది. ట్వీడ్ నది ముఖద్వారంలోని బెరిక్ పట్టణం మధ్యయుగాల్లో ఇంగ్లాండ్, స్కాట్లాండ్‌ల మధ్య పదేపదే చేతులు మారి, 1482 నుంచి ఇంగ్లాండ్ చేతిలో ఉండిపోయింది. అయినా అక్కడి ఫుట్‌బాల్ ఉత్తరం వైపే చూసింది.

నిబంధనలు

ఒక సంఘం పరిధిలోని క్లబ్ ఆ సంఘం లీగ్‌లోనే ఆడాలన్నది ఫిఫా నియమావళిలోని మూల సూత్రం. అసాధారణ పరిస్థితుల్లో మినహాయింపు ఇవ్వవచ్చు. అందుకు రెండు దేశాల సంఘాలూ, సంబంధిత ఖండ సమాఖ్యా, ఫిఫా అందరూ అంగీకరించాలి. ఈ నియమాలు బిగుసుకోక ముందు నుంచీ ఆడుతున్న క్లబ్‌లు ఆనవాయితీ బలంతో కొనసాగుతున్నాయి. కొత్తగా అడిగేవారికి అనుమతి దొరకడం కష్టం.

అంగీకారం లేకపోతే ఏమవుతుందో క్రిమియాలో కనిపించింది. 2014లో రష్యా ఆ ద్వీపకల్పాన్ని ఆక్రమించాక సెవాస్తోపోల్, సింఫెరోపోల్, యాల్టా నగరాలకు చెందిన మూడు క్లబ్‌లు రష్యా లీగ్ దిగువ అంచెలో ఆడటం మొదలుపెట్టాయి. ఉక్రెయిన్ సంఘం ఫిర్యాదుపై యూఫా అదే ఏడాది డిసెంబరులో జోక్యం చేసుకుని, 2015 ఆరంభం నుంచి ఆ క్లబ్‌లు రష్యా పోటీల్లో ఆడరాదని తీర్మానించింది.

వేల్స్ క్లబ్‌లు

సరిహద్దు దాటి ఆడే క్లబ్‌లలో వేల్స్ జట్ల చరిత్ర అన్నింటికంటే పొడవైనది, చిక్కుముళ్లు ఎక్కువ ఉన్నది. ప్రస్తుతం కార్డిఫ్ సిటీ, స్వాన్సీ సిటీ, రెక్సమ్, న్యూపోర్ట్ కౌంటీ, మెర్థర్ టౌన్ అనే ఐదు క్లబ్‌లు ఇంగ్లాండ్ లీగ్ అంచెల్లో ఆడుతున్నాయి.

దక్షిణ వేల్స్ బొగ్గు గనులు, రేవులు కళకళలాడుతున్న కాలంలో కార్డిఫ్, స్వాన్సీ, న్యూపోర్ట్, మెర్థర్ క్లబ్‌లు 1920లో ఫుట్‌బాల్ లీగ్‌లో చేరాయి. రెక్సమ్, అబర్‌డేర్ 1921లో చేరాయి. గనుల రాబడి పడిపోవడంతో అబర్‌డేర్ 1927లో, మెర్థర్ 1930లో లీగ్ స్థానాలు కోల్పోయాయి. కార్డిఫ్ మాత్రం ఆ దశాబ్దంలో శిఖరానికి చేరింది. 1923-24లో లీగ్ టైటిల్ గోల్ సగటు తేడాతో హడర్స్‌ఫీల్డ్‌కు పోయింది. చివరి మ్యాచ్‌లో కార్డిఫ్ ఒక పెనాల్టీని గోల్ చేయలేకపోయింది. 1927 ఏప్రిల్ 23న వెంబ్లీలో జరిగిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఆర్సెనల్‌ను 1-0తో ఓడించింది. హ్యూయీ ఫెర్గూసన్ కొట్టిన బంతి ఆర్సెనల్ గోల్‌కీపర్ డాన్ లూయిస్ చేతుల్లోంచి జారి గోల్‌లోకి వెళ్లింది. ఆ గోల్‌కీపర్ స్వయంగా వేల్స్ దేశస్థుడే. ఇంగ్లాండ్ బయటి క్లబ్ ఎఫ్‌ఏ కప్ గెలవడం ఈనాటి వరకూ అదొక్కసారే.

వెల్ష్ కప్ ఈ క్లబ్‌లకు ఇంకో తలుపు తెరిచింది. 1961 నుంచి వెల్ష్ కప్ విజేతకు యూరోపియన్ కప్ విన్నర్స్ కప్‌లో చోటు దక్కింది. ఇంగ్లాండ్ లీగ్‌లో ఏ అంచెలో ఉన్నా, వేల్స్ తరఫున యూరప్‌లో ఆడే వీలు కలిగింది. కార్డిఫ్ 1968లో ఆ పోటీ సెమీ ఫైనల్ ఆడింది. 1971 మార్చిలో తన మైదానం నినియన్ పార్క్‌లో రియల్ మాడ్రిడ్‌ను 1-0తో ఓడించింది. న్యూపోర్ట్ కౌంటీ 1980-81లో క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్లింది. రెక్సమ్ 1984లో పోర్టోను ఇంటికి పంపింది. వెల్ష్ కప్‌లో సరిహద్దు దగ్గరి ఇంగ్లాండ్ క్లబ్‌లు కూడా ఆడేవి, గెలిచేవి. కానీ వాటికి వేల్స్ తరఫున యూరప్‌కు వెళ్లే అర్హత లేదు. 1985లో ష్రూస్‌బరీ కప్ గెలిస్తే, ఫైనల్లో ఓడిన బ్యాంగర్ సిటీ యూరప్‌కు వెళ్లి అట్లెటికో మాడ్రిడ్‌తో ఆడింది.

1992లో వేల్స్ సంఘం సొంత జాతీయ లీగ్ స్థాపించింది. సొంత లీగ్ లేని దేశానికి ప్రత్యేక జాతీయ జట్టు ఎందుకన్న ప్రశ్న అంతర్జాతీయ వేదికలపై వినిపిస్తుండటం దీని వెనక ఉన్న భయం. లీగ్ బలపడాలంటే ఇంగ్లాండ్ దిగువ అంచెల్లో ఆడుతున్న వేల్స్ క్లబ్‌లు వెనక్కి రావాలని సంఘం ఆదేశించింది. ఎనిమిది క్లబ్‌లు అభ్యంతరం తెలిపాయి. వాటిలో బ్యాంగర్, న్యూటౌన్ కొత్త లీగ్‌లో చేరాయి. ససేమిరా అన్నవాటిలో న్యూపోర్ట్, కార్నార్వన్, కోల్విన్ బే సొంత మైదానాల్లో ఆడే హక్కు కోల్పోయి, కొంతకాలం ఇంగ్లాండ్ ఊళ్లలో అద్దె మైదానాల్లో ‘సొంత’ మ్యాచ్‌లు ఆడాయి. చివరికి వ్యవహారం కోర్టుకెక్కింది. సంఘం చర్య వృత్తి స్వేచ్ఛకు అడ్డు అని 1995లో తీర్పు వచ్చింది. క్లబ్‌ను దారికి తేవడానికి దాని మైదానాన్నీ స్థానిక ప్రేక్షకులనూ దూరం చేయడం పాలనా సంఘం చేయవలసిన పని కాదు. ఆ తీర్పు న్యాయమైనదే.

దాదాపు అదే కాలంలో వేల్స్ సంఘం వెల్ష్ కప్‌ను సొంత లీగ్ జట్లకే పరిమితం చేయడంతో పెద్ద క్లబ్‌లకు యూరప్ దారి మూసుకుపోయింది. మళ్లీ తెరుచుకున్నది ఇంగ్లాండ్ వైపు నుంచి. స్వాన్సీ 2011లో ప్రీమియర్ లీగ్ చేరిన తొలి వేల్స్ క్లబ్ అయింది. వేల్స్ క్లబ్ ఇంగ్లాండ్ పోటీల ద్వారా అర్హత పొందితే ఇంగ్లాండ్ కోటాలోనే యూరప్‌లో ఆడవచ్చని 2012లో యూఫా ఒప్పుకుంది. మరుసటి ఏడాది స్వాన్సీ ఇంగ్లాండ్ లీగ్ కప్ ఫైనల్లో బ్రాడ్‌ఫర్డ్‌ను 5-0తో ఓడించి, యూరోపా లీగ్‌లో వాలెన్సియాను దాని మైదానంలోనే 3-0తో గెలిచింది. 1961లో ‘స్వాన్సీ టౌన్’ పేరుతో వేల్స్ తరఫున యూరప్ గడప తొక్కిన క్లబ్ 2013లో ఇంగ్లాండ్ ప్రతినిధిగా వెళ్లింది.

ఇటీవలి కాలంలో ప్రపంచం దృష్టి రెక్సమ్‌పై పడింది. 1864లో పుట్టిన ఈ క్లబ్ 2008లో ఫుట్‌బాల్ లీగ్ నుంచి కిందికి జారి 15 ఏళ్లు ఐదో అంచెలో ఉండిపోయింది. 2021లో సినిమా నటులు ర్యాన్ రెనాల్డ్స్, రాబ్ మెకెల్హెన్నీ దాన్ని కొన్నారు. 2023లో 111 పాయింట్లతో పై అంచెకు చేరి, 2024, 2025లలోనూ వరసగా ఎక్కింది. ఇంగ్లాండ్‌లోని పై ఐదు అంచెల్లో వరసగా మూడేళ్లు ఎక్కిన తొలి క్లబ్ అదే. ఈ క్లబ్‌పై తీసిన టీవీ ధారావాహిక వల్ల వచ్చిన పేరు వాస్తవమే గానీ, ఆ ఊరి జనం అంతకు ముందు కష్టకాలంలో క్లబ్‌ను తామే యజమానులై నిలబెట్టుకున్నారన్నది మరుగున పడకూడదు.

ఎదురు దిశలో ఒక ఉదాహరణ ఉంది. ఇంగ్లాండ్ ఊరు ఆస్వెస్ట్రీలో ఆడే ‘ది న్యూ సెయింట్స్’ వేల్స్ లీగ్ జట్టు. వేల్స్ గ్రామం లాన్‌శాంట్‌ఫ్రైడ్‌కు చెందిన క్లబ్, ఆస్వెస్ట్రీ టౌన్ 2003లో కలిసిపోవడంతో ఇది ఏర్పడింది. 2024-25లో యూఫా కాన్ఫరెన్స్ లీగ్ ప్రధాన దశకు చేరిన తొలి వేల్స్ లీగ్ జట్టుగా నిలిచింది. వేల్స్ ఫుట్‌బాల్‌కు ఆ గౌరవం తెచ్చిన మైదానం ఇంగ్లాండ్‌లో ఉంది.

బెరిక్ రేంజర్స్, గ్రెట్నా

ఇంగ్లాండ్ పట్టణం బెరిక్‌కు చెందిన రేంజర్స్ 1951లో స్కాటిష్ లీగ్‌లో చేరింది. 1967 జనవరి 28న స్కాటిష్ కప్‌లో గ్లాస్గో రేంజర్స్‌ను 1-0తో ఓడించడం ఆ క్లబ్ చరిత్రలో అతిపెద్ద రోజు. ఆ రోజు బెరిక్ గోల్‌కీపర్, మేనేజర్ కూడా అయిన జాక్ వాలెస్ తరువాత అదే గ్లాస్గో రేంజర్స్‌కు మేనేజర్ అయ్యాడు. 2019లో ఈ క్లబ్ వృత్తి లీగ్ నుంచి కిందికి దిగింది.

సరిహద్దుకు అవతలి స్కాట్లాండ్ గ్రామం గ్రెట్నా క్లబ్ ఇంగ్లాండ్ దిగువ లీగ్‌లలో ఆడుతూ 2002లో స్కాటిష్ లీగ్‌కు మారింది. 2006లో స్కాటిష్ కప్ ఫైనల్ చేరి హార్ట్స్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది. ఒక్క దాత డబ్బు మీద నడిచిన ఆ క్లబ్ 2008లో మూతపడింది.

డెర్రీ సిటీ

ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ నగరపు క్లబ్ 1928లో ఏర్పడి, మరుసటి ఏడాది అక్కడి ఐరిష్ లీగ్‌లో చేరి, 1964-65లో ఛాంపియన్ అయింది. క్లబ్ మైదానం బ్రాండీవెల్ జాతీయవాద కాథలిక్కులు ఎక్కువగా ఉండే పేటలో ఉంది. 1960ల చివర మొదలైన హింసాకాండలో ఆ పేట ఘర్షణలకు కేంద్రమైంది. 1971 సెప్టెంబరులో అక్కడికి ఆడటానికి వచ్చిన బాలిమీనా జట్టు బస్సును తగలబెట్టారు. ఆ తరువాత అక్కడ మ్యాచ్‌లు వద్దని భద్రతా దళాలు ఆపేశాయి. డెర్రీ తన సొంత మ్యాచ్‌లను దూరాన ఉన్న కోల్‌రేన్‌లో ఆడవలసి వచ్చింది. ప్రేక్షకులు తగ్గారు, రాబడి ఎండిపోయింది. ఏడాది గడిచాక భద్రతా నిషేధం ఎత్తేసినా, బ్రాండీవెల్‌కు తిరిగి వెళ్లే ప్రతిపాదన లీగ్ క్లబ్‌ల ఓటింగులో ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. 1972 అక్టోబరు 13న డెర్రీ లీగ్ నుంచి తప్పుకుంది.

తరువాతి 13 ఏళ్లు స్థానిక చిన్న పోటీలకే పరిమితమైన క్లబ్‌ను, ఫిఫా, రెండు ఐర్లాండ్ సంఘాల అనుమతితో, 1985లో దక్షిణాది ఐర్లాండ్ గణతంత్రపు లీగ్ చేర్చుకుంది. బ్రాండీవెల్ మళ్లీ నిండింది. పోలీసులను చూస్తేనే ఉద్రిక్తత రేగే ఆ పేటలో అభిమానులే మ్యాచ్‌ల బందోబస్తు చూసుకున్నారు. 1988-89లో జిమ్ మెక్‌లాఫ్లిన్ శిక్షణలో లీగ్, ఎఫ్‌ఏఐ కప్, లీగ్ కప్ మూడూ గెలిచింది. 1996-97లో మరోసారి ఛాంపియన్ అయింది. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత జాన్ హ్యూమ్ తరువాత ఈ క్లబ్‌కు అధ్యక్షుడుగా ఉన్నారు. ఆటగాళ్లతో చాటుమాటు ఒప్పందాలు చేసుకున్నందుకు 2009లో లీగ్ బహిష్కరించినా, 2010లో కింది డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టి పైకి వచ్చి, 2022లో ఎఫ్‌ఏఐ కప్ గెలిచింది.

1988-89 కప్ విన్నర్స్ కప్ తొలి రౌండులో డెర్రీ సిటీకి ఎదురుపడినది కార్డిఫ్ సిటీ. ఉత్తర ఐర్లాండ్ నేలమీది క్లబ్ ఐర్లాండ్ గణతంత్రం తరఫున, ఇంగ్లాండ్ లీగ్‌లోని క్లబ్ వేల్స్ తరఫున ఆడాయి. డెర్రీలో 0-0గా ముగిసింది. కార్డిఫ్‌లో 4-0తో కార్డిఫ్ గెలిచింది.

చిన్న దేశాల క్లబ్‌లు

లీక్టెన్‌స్టైన్ విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్లు. మొత్తం జనాభా సుమారు 40,000. అక్కడి ఏడు క్లబ్‌లూ స్విస్ లీగ్‌లోని వేర్వేరు అంచెల్లో ఆడతాయి. సొంత లీగ్ లేకపోయినా 1945-46 నుంచి సొంత కప్ పోటీ ఉంది. దాని విజేత లీక్టెన్‌స్టైన్ తరఫున యూరప్ పోటీలకు వెళుతుంది. ఆ కప్‌ను అత్యధికసార్లు గెలిచినది రాజధాని క్లబ్ వాడూజ్. స్విస్ పై డివిజన్‌కు 2008లో తొలిసారి చేరిన వాడూజ్ అక్కడ ఎంత పైన నిలిచినా స్విట్జర్లాండ్ కోటాలో యూరప్‌కు వెళ్లలేదు. స్విస్ కప్‌లోనూ ఆడదు. 2022లో స్విస్ రెండో డివిజన్‌లో ఉంటూనే తుర్కియే జట్టు కోన్యాస్పోర్‌ను, వియన్నాలో రాపిడ్‌ను ఓడించి కాన్ఫరెన్స్ లీగ్ గ్రూపు దశకు చేరింది. లీక్టెన్‌స్టైన్ క్లబ్ అంత దూరం వెళ్లడం అదే మొదలు. లీగ్ ఒక దేశంలో, ప్రాతినిధ్యం మరో దేశానికి అన్న ఏర్పాటు ఇక్కడ నడిచినంత సజావుగా మరెక్కడా నడవలేదు.

సుమారు రెండు చదరపు కిలోమీటర్ల మొనాకోలో ఏఎస్ మొనాకో 1924లో ఏర్పడింది. ఫ్రాన్స్ పై డివిజన్‌ను 1961 నుంచి 2017 వరకు ఎనిమిదిసార్లు గెలిచింది. 2004 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో పోర్టో చేతిలో 3-0తో ఓడింది. చోటు చాలక 1985లో తెరిచిన రెండో లూయీ స్టేడియంలో వాహనాలు నిలిపే అంతస్తులపైన మైదానం కట్టారు. మొనాకోలో విదేశీ ఆటగాళ్లకు ఆదాయపు పన్ను లేకపోవడం ఫ్రెంచ్ క్లబ్‌లకు కంటగింపైంది. క్లబ్ ప్రధాన కార్యాలయం ఫ్రాన్స్‌లో ఉండాలని 2013లో లీగ్ పట్టుబట్టింది. 2014లో 5 కోట్ల యూరోలకు కుదిరిన రాజీని ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం 2015లో కొట్టేసింది. ఫ్రెంచ్ క్లబ్‌ల ఫిర్యాదులో పస లేకపోలేదు. ఒకే లీగ్‌లో ఇద్దరికి రెండు పన్ను విధానాలుంటే పోటీ సమానం కాదు.

ఎఫ్‌సీ అండోరా 1942లో, ఆ దేశానికి జాతీయ సంఘం రాకముందే పుట్టి స్పెయిన్ అంచెల్లో స్థిరపడింది. 2018 చివర బార్సిలోనా ఆటగాడు జెరార్డ్ పీకే సంస్థ దాన్ని కొన్నది. 2022లో స్పెయిన్ రెండో డివిజన్‌కు చేరింది. అండోరాకు 1995 నుంచి సొంత లీగ్ ఉన్నందున యూరప్‌లో ఆ దేశం తరఫున వెళ్లేవి ఆ లీగ్ జట్లే. శాన్ మారినో క్లబ్ ఒకటి చాలాకాలం ఇటలీ దిగువ వృత్తి డివిజన్లలో ఆడి, 2019లో ఇటలీ ఊరు కత్తోలికాకు తరలిపోయింది.

ఆసియా, ఓషియానియా, ఉత్తర అమెరికా

మలేషియా కప్‌లో సింగపూర్ జట్టు 1921 నుంచి ఆడింది. 1965లో సింగపూర్ వేరు దేశమైనా ఆట ఆగలేదు. మొత్తం 24సార్లు ఆ కప్ గెలిచింది. 1994లో లీగ్, కప్ రెండూ గెలిచాక, టికెట్ల రాబడి పంపకంపై తగాదా వచ్చి తప్పుకుని 1996లో సొంత లీగ్ పెట్టుకుంది. 2012లో ‘లయన్స్ ట్వెల్వ్’ పేరుతో తిరిగి మలేషియా లీగ్‌కు వెళ్లిన యువ జట్టు 2013లో ఛాంపియన్ అయింది. 2015తో ఆ ఒప్పందం ముగిసింది.

బ్రూనై క్లబ్ డీపీఎంఎం మలేషియా లీగ్ నుంచి 2009లో సింగపూర్ లీగ్‌కు మారింది. అదే ఏడాది బ్రూనై సంఘాన్ని ఫిఫా సస్పెండ్ చేయడంతో సీజన్ మధ్యలోనే వైదొలగవలసి వచ్చింది. 2012లో తిరిగి వచ్చి 2015, 2019లలో సింగపూర్ టైటిల్ గెలిచింది. 2025లో మళ్లీ మలేషియా లీగ్‌లో చేరింది. సొంత సంఘంలో ఏ చిక్కు వచ్చినా పరాయి లీగ్‌లోని క్లబ్ దెబ్బ తింటుందనడానికి ఈ క్లబ్ అనుభవం సాక్ష్యం. జపాన్ క్లబ్ అల్బిరెక్స్ నిగాటా సింగపూర్ శాఖ 2004లో అక్కడి లీగ్‌లో చేరి పలుమార్లు ఛాంపియన్ అయింది. పొరుగు కాని దేశం నుంచి వచ్చి నిలదొక్కుకున్న అరుదైన జట్టు అది.

న్యూజిలాండ్ నుంచి వెల్లింగ్టన్ ఫీనిక్స్ 2007లో, ఆక్లండ్ ఎఫ్‌సీ 2024లో ఆస్ట్రేలియా ఏ-లీగ్‌లో చేరాయి. ఆక్లండ్ తొలి సీజన్‌లోనే పాయింట్ల పట్టికలో అగ్రస్థానం సాధించింది. ఆస్ట్రేలియా 2006లో ఆసియా సమాఖ్యలోకి మారింది. న్యూజిలాండ్ ఓషియానియా సమాఖ్యలోనే ఉంది. అందువల్ల ఏ-లీగ్‌లో ఎంత పైన నిలిచినా ఈ క్లబ్‌లకు ఆసియా క్లబ్ పోటీల్లో చోటు లేదు. కోవిడ్ కాలంలో ఫీనిక్స్ ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్‌కు మకాం మార్చి ఆడింది.

కెనడా, అమెరికా ఒకే సమాఖ్యలో ఉండటం వల్ల అక్కడ ఈ ఇబ్బంది లేదు. మేజర్ లీగ్ సాకర్‌లో టొరాంటో 2007లో, వాంకూవర్ 2011లో, మాంట్రియల్ 2012లో చేరాయి. టొరాంటో 2017లో లీగ్ కప్ గెలిచింది. కెనడాకు 2019లో సొంత లీగ్ వచ్చినా ఈ మూడు క్లబ్‌లూ అమెరికా లీగ్‌లోనే కొనసాగాయి.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

భారత ఉపఖండంలో క్లబ్‌లు సరిహద్దు దాటేది అతిథులుగానే. 2023 డ్యూరాండ్ కప్‌లో బంగ్లాదేశ్ ఆర్మీ, నేపాల్‌కు చెందిన త్రిభువన్ ఆర్మీ జట్లు ఆడాయి. పాస్‌పోర్టు, వీసా, భద్రత, రాజకీయ సంబంధాల చిక్కులు ఏడాది పొడవునా సాగే లీగ్‌కు పెద్ద అడ్డంకులు.

తెలుగు ప్రాంతాల్లో దీనికి దగ్గరగా వచ్చేది నిజాం కాలపు హైదరాబాద్ ఫుట్‌బాల్. 1948 సెప్టెంబరు వరకు హైదరాబాద్ సంస్థానం బ్రిటిష్ ఇండియా పాలనలో గానీ, స్వతంత్ర భారతంలో గానీ భాగం కాదు. ఆ కాలంలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంస్థానం బయటికి వెళ్లి ఆడింది. 1943లో బెంగళూరులో ఆషే గోల్డ్ కప్ గెలిచింది. సంస్థానం విలీనమయ్యాక, సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా అందుకుంది. రహీం భారత జట్టుకు శిక్షకుడిగా 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టారు. ఇవన్నీ కప్ పోటీలు, జాతీయ జట్టు విజయాలు. పరాయి లీగ్‌లో హైదరాబాద్ క్లబ్‌కు శాశ్వత స్థానం లేదు. కలకత్తా లీగ్‌కు వెళ్లినది క్లబ్‌లు కాదు, ఆటగాళ్లు. సికింద్రాబాద్ ప్రాంతం నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం 1961లో ఈస్ట్ బెంగాల్‌కు నాయకత్వం వహించి ఆ లీగ్ గెలిపించారు.

దేశ సరిహద్దు కాకపోయినా రాష్ట్ర సరిహద్దు దాటిన ఉదాహరణ శ్రీనిధి దక్కన్. 2020లో విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్ ప్రవేశం పొందిన ఈ క్లబ్ 2021-22లో అరంగేట్రం చేసి, సొంత మ్యాచ్‌లను హైదరాబాద్ శివార్లలోని దక్కన్ అరీనాలో ఆడింది. 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రెండో స్థానంలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కిందే ఉన్నందున ఈ మార్పుకు ఏ అంతర్జాతీయ అనుమతీ అవసరం కాలేదు.